మూత తీస్తే బుస్సుమంటోందా?

ప్రశ్న: బాబాయి గారికి నమస్కారం. మాది కృష్ణ ఒడ్డున రాయపూడి. లంకల్లోకి కూలీలను దించి, వచ్చేటప్పుడు కూరగాయల మూటలు ఎక్కించుకు రావడం నా పని. ఒక్కోసారి ఎదురు నీళ్లలో అమరావతి వైపు కూడా పోతుంటాను. ఫైబరు పడవ. దానికి వెనకాల బయట తగిలించే 40 హార్స్‌పవర్ టూ స్ట్రోకు అవుట్‌బోర్డు ఇంజను, రెండు సిలిండర్లది, సెకండు హ్యాండులో కొన్నాను. వానల తర్వాత నుంచి సతాయిస్తోంది. పొద్దున ఒక్క లాగుకే స్టార్టవుతుంది. ఫుల్ రేజులో పావుగంట, ఇరవై నిమిషాలు బాగానే పోతుంది. ఆ తర్వాత ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు నీరసించిపోతుంది. రేజు తగ్గిస్తే మెల్లగా నడుస్తుంది. ఆపేసి ఐదు నిమిషాలు ఊరుకుంటే మళ్లీ మామూలే. డబ్బా నిండా పోయించిన రోజు ఇంకా తొందరగా వస్తోంది. పెట్రోలు కల్తీ అనుకుని బంకు కూడా మార్చాను. మెకానిక్కు ప్లగ్గులు మార్చాడు, కార్బొరేటర్లు రెండుసార్లు విప్పి కడిగాడు. ఒడ్డున నీళ్ల డ్రమ్ములో పెట్టి నడిపితే ఏ లోపమూ కనపడదు. ఇప్పుడేమో ప్లగ్గులకు కరెంటు పంపే సీడీఐ పెట్టె పోయింది, పన్నెండు వేలవుతుంది అంటున్నాడు. పెట్రోలు ఉందో లేదో చూద్దామని మూత తీస్తే బుస్సుమంటుంది, అంతే, ఇంకే తేడా నాకు కనపడలేదు. సీడీఐ మార్పించమంటారా? పేరు వేయకండి.

జవాబు: అబ్బాయీ, సీడీఐ జోలికి ఇప్పుడే పోకు. ఆ పన్నెండు వేలు ఎక్కడున్నాయో అక్కడే ఉండనీ.

ఉత్తరమంతా ఇంజను గురించి రాసి, అసలు సంగతిని చివర్లో ‘అంతే’ అని పక్కకు నెట్టేశావు. మూత తీస్తే బుస్సుమంటుందన్నావే, నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. పెట్రోలు డబ్బా బుసకొట్టకూడదు. మూత మీద చిన్న స్క్రూ ఉంటుంది చూడు, అది గాలి కోసం. పడవ నడుస్తున్నంతసేపూ అది వదులు చేసి ఉండాలి, ఒడ్డుకొచ్చి డబ్బా మోసుకెళ్లేటప్పుడు మాత్రమే బిగించాలి. వాన నీళ్లు లోపలికి పోతాయనో, వాసనొస్తోందని కూలీలు గొణిగారనో ఎప్పుడో బిగించి మరిచిపోయి ఉంటావు. ‘వానల తర్వాత నుంచి’ అని నువ్వే రాశావు కదా.

లెక్క చూడు. ఈ సైజు టూ స్ట్రోకు ఫుల్ రేజులో గంటకు పదిహేను లీటర్లకు అటూ ఇటూగా తాగుతుంది. అంటే ఇరవై నిమిషాలకు ఐదు లీటర్లు. డబ్బాలోంచి ఐదు లీటర్ల పెట్రోలు పోయిందంటే ఆ చోటులోకి ఐదు లీటర్ల గాలి రావాలి. దారి మూసేశావనుకో, లోపలి గాలి పలచబడి, డబ్బాయే పెట్రోలును పట్టుకుని వదలదు. ఇంట్లో నూనె డబ్బాకు ఒక చిల్లు పొడిచి ఊరుకోం, ఎదురుగా రెండో చిల్లు పొడుస్తాం. ఎందుకో మీ అమ్మనడుగు, చెబుతుంది.

ఇక ఇంజను మీదుండే పెట్రోలు పంపు సంగతి. చూడ్డానికి పంపే గానీ, పిస్టను కింద ఉండే గదిలో (క్రాంకుకేసు) ఒత్తిడి ఎక్కుతూ దిగుతూ ఉంటే దాంతోపాటు కొట్టుకునే పలచని పొర, డయాఫ్రమ్ అంటారు, అది. లాగే సత్తా తక్కువ. డబ్బా బిగుసుకుంటే దాని వల్ల కాదు. కార్బొరేటర్ గిన్నెల్లో మిగిలింది తాగేసి ఇంజను నీరసపడుతుంది. రేజు తగ్గించావంటే తాగుడు తగ్గుతుంది, ఆ కాస్త పెట్రోలు ఎలాగో అందుతుంది, మెల్లగా నడుస్తుంది. ఆపేసి కూర్చున్నావంటే ఈలోగా పెట్రోలు ఆవిరై డబ్బాలో ఖాళీని కొంత పూడుస్తుంది, బిగువు సడలుతుంది, గిన్నెలు నిండుతాయి. నువ్వేమో ‘చల్లారింది, బాగయింది’ అనుకుంటావు.

నిండా పోయించిన రోజు ఎందుకు తొందరగా వస్తుందో కూడా ఇందులోనే ఉంది. నిండు డబ్బాలో పైన గాలికి జాగా తక్కువ, రెండు మూడు లీటర్లు దిగేసరికే బిగుసుకుంటుంది. సగం డబ్బా అయితే కాసేపు ఓర్చుకుంటుంది. పాపం ఆ బంకువాణ్ణి ఊరికే అనుమానించావు. డ్రమ్ములో ఏ లోపమూ కనపడకపోవడానికీ కారణమిదే. డ్రమ్ములో ఫుల్ రేజు ఎవరిస్తారు? ఇచ్చినా పడవను తోసే బరువుండదు. రేజు తక్కువ, తాగుడు తక్కువ, గంటసేపు నడిపినా రోగం బయటపడదు. ఏటి మీద వచ్చే జబ్బుకు ఒడ్డున నాడి పట్టి చూస్తే ఏం తెలుస్తుంది? మీ మెకానిక్కు చేతకానివాడని నేననను, ఇంజను మొరాయించే సమయానికి అతను పడవలో లేడు, అంతే.

ఇంత చెప్పినా ఆ స్క్రూయే దొంగ అని తీర్పు మాత్రం ఇవ్వను, ఎందుకంటే బుసలు రెండు రకాలు. డబ్బా ఎండలో కాగి ఉంటే లోపల ఆవిరి పెరిగి, మూత తీయగానే బయటికి తన్నుతుంది. ఇంజను లాగేసిన డబ్బా అయితే బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. చెవికి రెండూ ఒకలాగే వినపడతాయి. అందుకని ఇంజను నీరసించిన ఆ క్షణంలోనే, ఇంజను ఆపేసి, మూత చుట్టూ తడిగుడ్డ కప్పి మెల్లగా తిప్పు. గుడ్డ లోపలికి అతుక్కుంటే దొంగ దొరికాడు. పైకి ఎగిస్తే ఇంకా వెతకాలి. ఆ సమయంలో పడవలో ఎవరి చేతిలోనూ బీడీ ఉండకూడదు. మూత మీద ముఖం పెట్టకు.

స్క్రూ వదులుగా ఉన్నంత మాత్రాన దారి తెరిచి ఉన్నట్టు కాదు. వానాకాలంలో కందిరీగ సందు కనపడితే చాలు మట్టితో గూడు కట్టేస్తుంది. సన్నటి తీగ పెట్టి పొడిచి, నోటితో ఊది చూడు.

ఇప్పుడు అసలు పరీక్ష. డబ్బా నుంచి ఇంజనుకు వెళ్లే పైపు మధ్యలో రబ్బరు బల్బు ఉంది కదా, స్టార్టు చేసే ముందు పిసుకుతావే, అదే నీకు డాక్టరు. పడవ నడపడానికి తెలిసినవాణ్ణి ఇంకొకణ్ణి ఎక్కించుకో. నువ్వు బల్బు దగ్గర కూర్చో. ఇంజను డీలా పడుతున్నప్పుడు రేజు తగ్గించకుండా బల్బు చేత్తో పట్టుకో. బల్బు రెండు బుగ్గలూ అతుక్కుని చప్పిడి పడి ఉంటే, అడ్డు డబ్బా వైపున ఉంది: గాలి స్క్రూ, డబ్బా అడుగున ఉండే జాలీ, లేదా బల్బుకు ముందున్న పైపు. మెత్తగా ఉండి, నువ్వు పిసికేకొద్దీ ఇంజను లేస్తూ, మానేస్తే పడిపోతూ ఉంటే, ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా పంపు డయాఫ్రమ్ చచ్చుబడింది. బల్బు గట్టిగా రాయిలా ఉండి ఇంజను మాత్రం కుంటుతుంటే, అక్కడిదాకా పెట్రోలు అందుతోందన్నమాట. అప్పుడు చూపు ఇంజను వైపు తిప్పు: చిన్న ఫిల్టరు, కార్బొరేటర్లు, కరెంటు. బల్బు మీది బాణం గుర్తు ఇంజను వైపే ఉందో లేదో కూడా చూడు. తిరగేసి బిగించినవాళ్లను నేను చూశాను.

బల్బుతో తేలకపోతే చోకు ఉండనే ఉంది. నీరసించిన క్షణంలో చోకు సగం లాగి వదులు. ఒక్కసారిగా ప్రాణం వచ్చిందా, పెట్రోలు చాలడం లేదు. ఇంకా ముక్కి మూలిగి ఆగిపోయిందా, పెట్రోలు అందుతూనే ఉంది, తప్పు వేరే చోట ఉంది. రెండు సెకన్ల పని, పైసా ఖర్చు లేదు. మెకానిక్కులు ఇది చెప్పరు, వాళ్లకు డ్రమ్ములో చేయడం కుదరదు మరి.

అన్నిటికంటే నికరమైనది అరువు డబ్బా. తోటి పడవవాడి దగ్గర ఒకటి అడుగు, కొత్త పెట్రోలు, కొత్త పైపు, వాడి బల్బుతో సహా. నీ డబ్బా పక్కన పెట్టి ఒక రోజంతా దాంతో నడుపు. జబ్బు రాలేదంటే ఇంజను మీద స్పానరు పెట్టాల్సిన పనే లేదు.

పైపు సంగతి వేరుగా చెప్పాలి, దాంట్లో నేను దెబ్బ తిన్నాను. చాలా ఏళ్ల కిందట సీతానగరం వైపు నుంచి ఒక వేటపడవ ఇంజను మా షెడ్డుకొచ్చింది. నీ ఇంజనులాగే కాసేపు పరుగు, కాసేపు పడక. కరెంటు వేడెక్కి తెగుతోందని తేల్చేసి కాయిలు మార్పించాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. విసుగొచ్చి పెట్రోలు పైపు బ్లేడుతో నిలువునా చీరి చూశాను. పైన కొత్తదానిలా నిగనిగలాడుతోంది. లోపలి పొర మాత్రం పాము కుబుసంలా ఊడి వేలాడుతోంది. మామూలుగా ఉన్నప్పుడు పెట్రోలు పోతుంది, గట్టిగా లాగినప్పుడు ఆ పొర తలుపులా వచ్చి మూసుకుంటుంది. అతని డబ్బులు అతనికి ఇచ్చేశాను. ఆ కాయిలు ఇప్పటికీ మా అటక మీద ఉంది.

ఈ పొర ఊడే జబ్బు ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అవుట్‌బోర్డు ఇంజన్ల పుస్తకాల్లో మామూలుగా ఒప్పుకునేది 10 శాతం వరకే. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, డబ్బా అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కదిలించి జాలీకి తెచ్చి పెడుతుంది. అన్నిటినీ మించి, గాలిలో తేమను పీలుస్తుంది. ఏటి మీద సగం ఖాళీ డబ్బా రాత్రంతా ఉందంటే తేమకు కొదవేముంది? నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీళ్లతో కలిసి అడుగుకు దిగిపోతుంది. ఇంజను పీల్చేది అడుగునుంచే. టూ స్ట్రోకుకు ఇంకో ముప్పుంది, పెట్రోలులో కలిపే టూటీ ఆయిలు పైన పెట్రోలుతో ఉండిపోతుంది, అడుగున పోయే దాంట్లో చమురుండదు. ఒక గాజుసీసాలో డబ్బా అడుగు పెట్రోలు పట్టి రాత్రంతా కదపకుండా పెట్టు. పొద్దున్నే కింద వేరే పొర కనిపిస్తే ఆ డబ్బా మొత్తం పారబోయాల్సిందే, ఏట్లో మాత్రం కాదు. రెండు మూడు రోజులకు సరిపడానే పోయించుకో, నెలల తరబడి నిలవుంచకు. నువ్వు పోసే ఆయిలు పాళ్లు కూడా ఇంజను పుస్తకం చూసి సరిచేసుకో. 50కి 1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. కంటితో కొలిచి పోయకు.

అన్నట్టు, పరీక్షకు పట్టే ఆ కొద్ది క్షణాలు తప్ప, నీరసించిన ఇంజనుకు కసిగా ఫుల్ రేజు పట్టి నడపడం వెంటనే మానెయ్. టూ స్ట్రోకులో పెట్రోలుతోనే చమురు వస్తుంది. పెట్రోలు చాలనప్పుడు చమురూ చాలదు. మంట వేడెక్కుతుంది, పిస్టను పట్టేస్తుంది. అప్పుడు సీడీఐ ఖరీదు గుర్తొచ్చి నవ్వుకుంటావు.

ఇంతకూ సీడీఐ పోయిందని నమ్మాలంటే ఏం కనపడాలి? వేడెక్కితే తెగే కరెంటు జబ్బులు ఉన్నాయి, లేవనను. ఫ్లైవీల్ కింద ఉండే కాయిళ్లు చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడికి తెగుతాయి. కానీ అవి నీరసించవు, తెగుతాయి. స్విచ్చి కట్టేసినట్టు ఒక సిలిండరు పోతుంది, ఇంజను గొంతు మారుతుంది, మళ్లీ ఠక్కున వస్తుంది. నువ్వు రాసింది మెల్లగా ప్రాణం పోవడం. నా అనుభవంలో మెల్లగా పోయేది పెట్రోలు, ఠపీమని పోయేది కరెంటు. ఇది ప్రతిసారీ నిజం కాదు గానీ పదిలో ఎనిమిదిసార్లు నిజం. మెకానిక్కు ఇంకా పట్టుబడితే అతన్నే పడవలోకి రమ్మను, జబ్బు వచ్చినప్పుడు రెండు ప్లగ్గు వైర్లకూ టైమింగ్ లైటు (వైరులో కరెంటు పోయినప్పుడల్లా వెలిగేది) తగిలించి చూడమను. రెండిటికీ లైటు ఆగకుండా కొడుతుంటే సీడీఐ నిర్దోషి. ఒకటి ఆగిపోతే అప్పుడు అతని మాట విను, అప్పుడైనా వేడి మీద కాయిళ్లకు మల్టీమీటరు పెట్టకుండా ఏదీ కొననీకు. ఇంజను ఆపడానికి చేతికి తగిలించుకునే ఎర్ర తాడు స్విచ్చి దగ్గర వైరు తెగీ తెగకుండా ఉన్నా ఇలాంటి వేషాలే వేస్తుంది, అదీ ఒకసారి కదిపి చూడు.

నీళ్ల ధార గురించి నువ్వు ఒక్క మాట రాయలేదు. ఇంజను పక్కనుంచి సన్నగా పడే ధార, మన సరంగులు ‘ఉచ్చ పోస్తోందా’ అని అడుగుతారే, అది నీరసించినప్పుడు కూడా గట్టిగానే పడుతోందా? మన కృష్ణలో ఇసుక ఎక్కువ. ఇంజను కింది కాలులో ఉండే, నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లరు రెక్కలు అరిగిపోతే ధార సన్నబడి ఇంజను కాగుతుంది. కొన్ని ఇంజన్లు అలా కాగినప్పుడు వాటంతట అవే రేజును నిమిషానికి 2,000 చుట్ల దగ్గరకు దించేసి బజరు మోగిస్తాయి, దాన్ని కూడా జనం ‘పవరు పోయింది’ అంటారు. నీది సెకండు హ్యాండు కాబట్టి ఇంపెల్లరు ఎప్పుడు మార్చారో తెలియదు. వెంటనే మార్పించు, పెద్ద ఖర్చు కాదు. డ్రమ్ములో నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా నడపకూడదని మీ మెకానిక్కుకు గుర్తు చెయ్.

వరదలు తగ్గాక గుర్రపుడెక్క దండుగా దిగుతుంది కదా, దాని వేళ్లు నీళ్లలో తిరిగే ఫ్యానుకు చుట్టుకుంటే ఇంజను మూలుగుతుంది. అలాంటప్పుడు ఆపి, రివర్సులో రెండు చుట్లు తిప్పితే చాలాసార్లు ఊడిపోతుంది. రేజు పెరిగి పడవ మాత్రం కదలకపోతే అది ఫ్యాను మధ్యలోని రబ్బరు జారడం, వేరే జబ్బు. ఫ్యాను విప్పినప్పుడు వెనకాల నైలాను వల పోగులు ఉంటే తీసెయ్, అవి ఆయిలు సీలును కోస్తాయి. గేరు ఆయిలు పాల రంగులోకి మారితే లోపలికి నీళ్లు పోయినట్టే.

ఇవన్నీ ఎక్కడ పరీక్షించాలన్నది నీకు చెప్పాల్సిన పనిలేదేమో, అయినా చెబుతాను. కూలీలతో కాదు, ఖాళీ పడవతో. పక్కన ఇంకో పడవ తోడుగా, మీ లంక అంచున, తెడ్లు, గెడ, తాడు కట్టిన లంగరు పడవలో ఉండగా. దిగువన ప్రకాశం బ్యారేజి గేట్లు ఎత్తి ఉన్న రోజుల్లో అసలు వద్దు. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజికి గుద్దుకుని గేట్ల బరువు దిమ్మెలను (కౌంటర్‌వెయిట్లను) ఎలా విరిచాయో నువ్వు చూసే ఉంటావు, మన ఏటి లాగుడు అలాంటిది. మీ ఊరికి ఎదురొడ్డునే, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం ఘాటు దగ్గర 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం, పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. ఇంజను బాగయ్యేదాకా లైఫ్ జాకెట్టు లేకుండా ఒక్క కూలీని కూడా ఎక్కించుకోకు, బాగయ్యాక కూడా.

ఈ ఆదివారం పని లేకుండా ఉంటే స్క్రూ వదులు చేసి, తీగతో పొడిచి, అమరావతి వైపు ఎదురు నీళ్లలో అరగంట ఫుల్ రేజు పట్టు. డబ్బా నిండా పోయించుకునే వెళ్లు, జబ్బు రావాలంటే అదే తొందర దారి. మళ్లీ నీరసిస్తే బల్బు చప్పిడిగా ఉందో, మెత్తగా ఉందో, గట్టిగా ఉందో, మూత మీద గుడ్డ లోపలికి పోయిందో పైకి ఎగిసిందో ఒక కార్డు ముక్క రాయి.